ఊరి పేరు ఎవరి ఖాతాలో ఉంది?

అమెరికా పౌరసత్వం తీసుకున్న హిందూపురం మనిషికి భారతదేశంలో ఓటు ఉండదు. ఓసీఐ కార్డు ఉన్నా సొంత ఊళ్లో ఎకరం పొలం కొనడానికి నిబంధనలు ఒప్పుకోవు. అదే మనిషికి డాట్ ఇన్ డొమైన్, అంటే భారతదేశపు వెబ్ చిరునామా, కావాలంటే మాత్రం ఎక్కడ ఉంటున్నాడు, ఏ దేశ పౌరుడు అన్న షరతు లేదు. రుసుము కట్టి, తన నిజమైన వివరాలు ఇస్తే చాలు.

మొదట్లో ఇలా ఉండేది కాదు. 1992 నుంచి 2004 దాకా, నియమాలు బిగువుగా ఉన్న రోజుల్లో, నమోదైన డాట్ ఇన్ పేర్లు సుమారు 7,000 మాత్రమే. 2005 జనవరి నుంచి నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా, అంటే నిక్సీ, డాట్ ఇన్ నమోదు బాధ్యత తీసుకుని అడిగినవారందరికీ పేర్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ప్రభుత్వ శాఖల గవ్ డాట్ ఇన్, విద్యాసంస్థల ఏసీ డాట్ ఇన్ వంటివి మాత్రం ఇప్పటికీ అర్హత చూసే ఇస్తారు.

మనం ఉంటున్న దేశాల్లో చాలా చోట్ల పరిస్థితి వేరు. డాట్ యూఎస్ కావాలంటే పౌరులో, గ్రీన్‌కార్డు ఉన్నవారో, అక్కడే స్థిరంగా కాపురం ఉంటున్నవారో అయి ఉండాలి. సంస్థ అయితే అక్కడ పుట్టినదో, అక్కడ నిజంగా పని చేస్తున్నదో కావాలి. కెనడా ఇంకా గట్టిది. వర్క్ పర్మిట్ మీద వచ్చిన మన కుర్రాడు తన పేరున డాట్ సీఏ తీసుకోలేడు, శాశ్వత నివాసం వచ్చేదాకా ఆగాలి. రిజిస్టర్ కాని సంఘమైతే సభ్యుల్లో కనీసం 80 శాతం మంది కెనడాలో నివసించేవారై ఉండాలి. తెలుగు సంఘాల కార్యవర్గాలు ఈ ఒక్క నియమాన్ని తప్పక చదువుకోవాలి.

అర్హత ఒకసారి వస్తే ఎప్పటికీ ఉంటుందనుకోవడం పొరపాటని బ్రెగ్జిట్ చూపించింది. పరివర్తన గడువు 2020 డిసెంబరు 31తో ముగిసింది. మర్నాడే బ్రిటన్ చిరునామాతో ఉన్న దాదాపు 80 వేల డాట్ ఈయూ పేర్లు పనిచేయడం ఆగిపోయాయి. ఆ యజమానులు ఇల్లు మారలేదు, వ్యాపారం మూయలేదు. వాళ్లున్న దేశమే యూరోపియన్ యూనియన్‌లోంచి బయటికి వచ్చింది.

ఇక మన రాయలసీమ సంగతి. ధర్మవరం చేనేత పట్టుచీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ ప్రాంతంలో నేసినదే ధర్మవరం పట్టు అని చట్టం చెబుతుంది. డొమైన్ విషయంలో అలాంటి రక్ష ఏదీ లేదు. ముందు అడిగినవారికే పేరు. ధర్మవరం అన్న మాటతో డాట్ ఇన్ తీసుకోవడానికి మగ్గం ఉండనక్కర్లేదు, ధర్మవరం ఎక్కడుందో తెలియనక్కర్లేదు.

అలాగని డాట్ ఇన్‌కూ నివాస నిబంధన పెట్టమని ఈ పత్రిక కోరదు. పెడితే మొదట నష్టపోయేది మనమే. డాలస్‌లో ఉన్న నేతగాడి కూతురు నాన్న చీరల కోసం ఒక వెబ్‌సైట్ తెరవగలుగుతున్నదంటే ఈ ఉదారత వల్లే. అయితే చట్టం మన మీద పెట్టని బాధ్యతను మనమే నెత్తిన వేసుకోవాలి. ఊరి గుడికి, బడికి, చేనేత సహకార సంఘానికి ప్రేమతో వెబ్‌సైట్ పెట్టించేవారు డొమైన్‌ను చాలాసార్లు తమ సొంత పేరుతో, తమ ఈమెయిల్‌తో నమోదు చేస్తారు. తర్వాత ఉద్యోగం మారుతుంది, రుసుము కట్టే కార్డు గడువు తీరుతుంది, రెన్యువల్ హెచ్చరికలు ఎవరూ చూడని మెయిల్‌కు వెళ్తాయి. గడువు దాటిన పేరును ఎవరైనా ఎగరేసుకుపోవచ్చు. వెనక్కి రాబట్టడానికి నిక్సీ వివాద పరిష్కార విధానం ఉంది గానీ, దానికి రుసుము, ఆధారాలు, మధ్యవర్తి ముందు వాదన కావాలి. పది మగ్గాల సంఘం ఆ ఖర్చు ఎలా మోస్తుంది?

ఊరి పేరు నిలుపుకోవడానికి ఇంకో దారి కూడా ఉంది, దాన్ని మనం దాదాపు పట్టించుకోలేదు. తెలుగు లిపిలోనే డాట్ భారత్ పేర్లు ఉన్నాయి, అవీ నిక్సీవే. ఇంగ్లీషు అక్షరాల్లో పెనుకొండను పెనుగొండ అని రాసేవారు ఎందరో. అలా రాస్తే అది గోదావరి జిల్లాల పెనుగొండ అయిపోతుంది. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన పెనుకొండకు సొంత అక్షరాల్లో చిరునామా ఉండటం న్యాయం.

ఈసారి హిందూపురానికో, పెనుకొండకో, ధర్మవరానికో వెళ్లేవారికి మా విన్నపం. మీరు పెట్టించిన వెబ్‌సైట్ ఏదైనా ఉంటే డొమైన్‌ను ఆ సంస్థ పేరుకు మార్చండి. ఊళ్లో ఉండే ఇద్దరి ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు ఖాతాలో చేర్చి, పాస్‌వర్డ్ వారి చేతికివ్వండి. డాట్ ఇన్ పేరును ఒకేసారి పదేళ్లకు తీసుకునే వీలుంది. చందా ఇవ్వాలనుకునేవారు ముందుగా ఆ పదేళ్ల రుసుము కట్టండి.