ఎవరూ అడగని కోడ్

ఆఫీసులో రోజంతా పేమెంట్ ఫామ్‌ల కోడ్ రాస్తా. ఇంటికొచ్చాక రాసేది ముగ్గులు. నవ్వకండి!

బ్రౌజర్‌లోనే నడిచే పీ5.జేఎస్ అనే ఫ్రీ లైబ్రరీ ఉంది. ఇక్కడ 12 జీబీ ర్యామ్ కోసం కొట్టుకుంటాం కదా, దీనికి డ్రాయర్లో పడున్న 2 జీబీ ఫోన్ సరిపోయింది. చుక్కలు పెట్టడం రెండు ఫర్ లూప్‌ల పని. మెలిక తిప్పడమే మూడు వీకెండ్లు తినేసింది. అమ్మకి చూపిస్తే ఒక్క చూపులో, "సగం చుక్కలు వదిలేశావేంట్రా?" అంది. ఏ టెస్టరూ నా బగ్ అంత తొందరగా పట్టలేదు.

తీరా చూస్తే 5×5 చుక్కల్ని చుట్టాలంటే ఐదు విడి గీతలు కావాలి. నా కోడ్ మొదటి గీతకే ఆగిపోతోంది. 5×4 పెట్టా, ఒకే గీత అన్నిటినీ చుట్టేసి మొదటికొచ్చింది. ఎన్ని గీతలు పడతాయో చెప్పేది ఆ రెండు అంకెల గ.సా.భా.! స్కూల్లో బట్టీపట్టి మర్చిపోయిందే.

"రెజ్యూమేలో పెడతావా?" అన్నాడు ఫ్రెండ్. పెట్టను. బీటెక్ నుంచీ ప్రాజెక్ట్ అంటే మార్కులకో, ఇంటర్వ్యూకో అన్నట్టే చేశాం. పోయిన ఏడాది కోడింగంటేనే విసుగొచ్చి, ఉద్యోగం మానేద్దామనుకున్నా. ఏఐని అడిగితే నిమిషంలో రాసిచ్చేదేమో. నాకు కావాల్సింది ఆ మూడు వీకెండ్లే.

ఇప్పుడు అమ్మ తామరపువ్వు ముగ్గు అడుగుతోంది. దానికి గ.సా.భా. సరిపోదు.