ఉమ్మడి వర్తకమున ఇంటికి రక్షణ

బళ్లారి, హోసూరు, బరంపురములందు మనవారి అంగళ్లు పెక్కు నేటికిని అన్నదమ్ముల భాగస్వామ్యములే. 1932 భాగస్వామ్య చట్టము ననుసరించి, అంగడి అప్పునకు ప్రతి భాగస్వామియు విడిగాను, ఉమ్మడిగాను పూర్తి బాధ్యుడు. ఒకరు చేసిన సరుకు బాకీకి వేరొకరి ఇల్లు జప్తు కావచ్చును. నమ్మకముండగా కాగితమేల యనువారు ఈ సంగతి యోచింపవలెను.

ప్రైవేటు లిమిటెడు కంపెనీకి ఇద్దరు సభ్యులు చాలును. కనీస మూలధన నిబంధన 2015లో తొలగినది. అయినను బేరమెంత స్వల్పమైనను ఏటేట ఆడిటు తప్పదు. వార్షిక పత్రము ఆలస్యమైనచో దినమునకు నూరు రూపాయలు. చిల్లర అంగడికి ఇది మోయరాని బరువు. 2008 చట్టమున వచ్చిన పరిమిత బాధ్యతా భాగస్వామ్యమే మనకు తగినదని నా అభిప్రాయము. ఏటి అమ్మకము 40 లక్షలు, పెట్టుబడి 25 లక్షలు మించనంతవరకు ఆ చట్టము క్రింద ఆడిటు నిర్బంధము లేదు. పాత బాకీల బాధ్యత మాత్రము మార్పుతో వదలదు.

ఇంతకును చిక్కు బ్యాంకునందున్నది. అప్పిచ్చునపుడు వారు తరచు భాగస్వాములచే స్వంత పూచీ వ్రాయించుకొందురు. ఆ సంతకము పడినచో ఆ అప్పు మట్టుకు చట్టపు రక్షణ మిగులదు. ఆ పత్రములో ఆంగ్లమున నుండును. ఇంటి దస్తావేజు తల్లి పేరనో, భార్య పేరనో యుండును. చదువుకొన్న మన యువకులు ఆదివారములందు కూర్చుండి వాటిని తెలుగున చదివి వినిపింపవలెనని కోరుచున్నాను.