నడుం నొప్పి సరే, ఆ 20 నిమిషాలు ఎవరిస్తారు?

నాట్లు అయిపోయాక మా నర్సింహులపేటలో ఏ ఇంటి ముందు ఆగినా ఒకటే మాట, "నడుం పట్టేసింది" అని. నాట్ల తర్వాత పత్తి ఏరుడు, ఆ వెనక మిరపకాయ ఏరుడు. పొద్దంతా వంగిన నడుం ఇంటికొచ్చాకైనా నిలబడుతుందా అంటే బోళ్లు, బట్టలు, వంట ఉంటాయి కదా. ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది, నాలుగు గోలీలు. రెండు రోజులు హాయి, మూడో రోజు మళ్లీ మొదటికే. ఏళ్ల తరబడి ఇలా మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

ఫిజియోథెరపీ అంటే మనవాళ్లకు 'కరెంటు పెట్టించుకోవడం'. తొర్రూరుకో మానుకోటకో పోయి పది రోజులు మెషిన్ పెట్టించుకొని వస్తారు. ఇంట్లో చేసుకొమ్మని ఇచ్చిన వ్యాయామాల కాగితం మాత్రం బీరువా మీదికి పోతుంది. నన్నడిగితే అసలు వైద్యం ఆ కాగితమే.

మూడు నెలలు దాటిన నొప్పి తీరు వేరు. చాలామందిలో మొదటి దెబ్బ మానిపోయినా నరాలు మాత్రం చిన్న కదలికకే ఉలిక్కిపడుతుంటాయి. భయపడి కదలకపోతే కండ సన్నగిల్లుతుంది, నొప్పి ఇంకా పెరుగుతుంది. కొలత ప్రకారం, కొద్దికొద్దిగా కదిలిస్తూ పోతేనే ఒంటికి ధైర్యం వస్తుంది. దానికి వారాలు పడుతుంది. 2023 డిసెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీర్ఘకాలిక నడుం నొప్పికి వ్యాయామాన్ని సూచించింది, నడుం బెల్టులు మామూలుగా వద్దంది. మన ఇళ్లలో ఎన్ని బెల్టులు కొక్కేలకు వేలాడుతున్నాయో!

పొలం పని వ్యాయామం కాదా అంటారు. గంటల కొద్దీ ఒకే వంపులో ఉండటం వ్యాయామం ఎట్లా అవుతుంది?

ఇంతకీ ఆ కాగితం బీరువా మీదికి ఎందుకు పోతుంది? బద్ధకం అంటే నేనొప్పుకోను. పట్టపగలు కోడలు చాప పరిచి పడుకొని కాలెత్తితే "ఏమైందే, గప్పుడే పండుకున్నవ్?" అని అడగని ఇల్లు ఎక్కడుంది? అదే మామకు మోకాలి ఆపరేషన్ అయితే ఇంటిల్లిపాదీ దగ్గరుండి, మడిచిన టవల్ మోకాలి కింద పెట్టి, నొక్కమని పది దాకా లెక్కపెడతారు. అత్తమ్మ మోకాలికి ఆ లెక్క ఎవరూ పెట్టరు. ఆమె నొప్పితోనే అన్నం వండుతుంది కాబట్టి నొప్పి లేనట్టే లెక్క!

కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా, మూత్రం మీద అదుపు పోయినా, నొప్పితో పాటు జ్వరం ఉన్నా వ్యాయామాల జోలికి పోకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. మిగతావాళ్లు ఫిజియోథెరపిస్టు దగ్గరికి ఒంటరిగా పోకండి. భర్తనో కొడుకునో వెంట తీసుకుపోండి. ఏం చేయాలో, రోజుకు ఎంతసేపో వాళ్ల ముందరే చెప్పించండి. ఆ 20 నిమిషాలు పొయ్యి మీద అన్నం ఎవరు చూస్తారో ఇంటికి వచ్చే దారిలోనే అడగండి.