ఆకుకూరలు తినమని చెప్పేముందు

తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ వయసు స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనతతో వున్నారని 2019-21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆరునెలలు నిండి ఐదేళ్ళలోపు వున్న పిల్లలలో ఆ సంఖ్య నూటికి 70. అంతకుముందు, 2015-16 సర్వేలో, పిల్లల సంఖ్య 61కి దగ్గరగా వుండేది. పెరగాల్సిన రక్తం తగ్గిందన్న మాట. దీనికి అధికారులు చెప్పే కారణం మాత్రం మారలేదు: తల్లులకు తెలియదు. మందూ మారలేదు: తల్లులకు అవగాహన. 2018 నుంచి ప్రతి సెప్టెంబరునూ పోషకాహార మాసం చేసి ఈ మందునే ఊరూరా పంచుతున్నారు.

ఈ 'అవగాహన' అనే మాట మీద నాకు పేచీ వుంది. ఎవరికి తెలియదు? ఏమి తెలియదు? పుంటికూర, గంగవాయిలికూర, పొన్నగంటి, తోటకూర వీటిలో ఏది ఎప్పుడు తినాలో, బాలింతకు ఏది పెట్టాలో, ఏది పెట్టకూడదో మన ఊళ్ళలో కూలికి పోయే ఆడమనిషికి మనం చెప్పేదేమీ లేదు. ఇటీవల హనుమకొండలో వొక శిక్షణా శిబిరానికి వెళ్ళాను. గోడకు పటం తగిలించారు. నీళ్ళు మరగబెట్టి తాగండి, పెరట్లో ఆకుకూరలు పెంచండి, పాలు తాగండి, చేపలు తినండి. ఫ్యాక్టరీల పక్క ఊరి నుంచి వచ్చిన కార్యకర్త వొకామె లేచి, పెరట్లో ఆకుకూరలకు ఏ నీళ్ళు పట్టమంటారని అడిగింది. శిక్షకురాలు తర్వాతి పటానికి వెళ్ళిపోయింది. ఆ ప్రశ్నను నేను అక్కడ వదిలిపెట్టదలుచుకోలేదు.

ఆ ప్రశ్నకు మన దగ్గర యాభై ఏళ్ళ జవాబు వుంది. దాని పేరు పటాన్‌చెరు. మెదక్ వెనుకబడిన జిల్లా అని, రాయితీలిస్తే బాగుపడుతుందని 1970లలో అక్కడ పారిశ్రామికవాడ పెట్టారు. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి పార్లమెంటుకు ఎన్నికైన తర్వాత ఆ ప్రాంతానికి మరింత ఊపు వచ్చింది. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం వరసగా ఫ్యాక్టరీలతో నిండిపోయాయి. వాటిలో చాలా భాగం మందుల ముడిసరుకు తయారుచేసేవి. వాటి వ్యర్థజలాలు కుంటల్లోకి, నక్కవాగులోకి, అక్కడినుంచి మంజీరలోకి వెళ్ళాయి. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. పటాన్‌చెరులో వైద్యం చేసుకుంటూ డాక్టర్ అల్లాని కిషన్‌రావు దశాబ్దాలపాటు ఈ పోరాటం నడిపారు. కేసు 2001లో హైకోర్టుకు, 2013లో చెన్నైలోని హరిత ట్రిబ్యునల్‌కు మారి, 2017లో తీర్పు వచ్చింది. కేసు వేసిన ఏడు పుట్టిన ఆడపిల్ల ఆ తీర్పు నాటికి ఇరవై ఏడేళ్ళ మనిషి. (పనిలో పని, 1972 నుంచి ఇదే పటాన్‌చెరులో ఇక్రిశాట్ కూడా వుంది. పేదదేశాల మెట్టపంటల మీద, జొన్న మీద, సజ్జ మీద, కంది మీద ప్రపంచస్థాయి పరిశోధన జరిగే చోటుకు ఇంత దగ్గరలో బావినీళ్ళు తాగడానికి లేకుండా పోయాయి.)

ఇప్పుడు ఆ గోడ పటాన్ని ఈ ఊళ్ళకు తీసుకువెళ్ళి చూద్దాం. నీళ్ళు మరగబెట్టండి. మరగబెడితే చచ్చేవి క్రిములు. నక్కవాగు పరిసరాల భూగర్భజలంలో పరిశోధకులు గుర్తించిన ఆర్సెనిక్ మరగబెడితే చావదు. ఫ్లోరైడ్ పోదు, నైట్రేట్ పోదు, ఉప్పులు పోవు. నీరు ఆవిరైనకొద్దీ మిగిలిన నీళ్ళలో వాటి పాలు పెరుగుతుంది. కట్టెలు తెచ్చి, పొగ మింగి, లేదా సిలిండరు డబ్బులు ఖర్చుపెట్టి ఆమె తన పిల్లలకు మరింత చిక్కటి విషం కాచి పోస్తుంది. ఆ పని ఆమెతో చేయించింది మన సలహా.

ఆకుకూరలు తినండి. మట్టిలో, నీళ్ళలో వున్న కాడ్మియం, సీసం వంటి లోహాలను గింజకంటే ఆకు ఎక్కువగా పట్టుకుంటుంది. కాయగూరలకంటే ఆకుకూరలకు ఈ ప్రమాదం ఎక్కువ. పటాన్‌చెరు వ్యర్థజలాలను శుద్ధి చేశామని చెప్పి కొన్నేళ్ళ తర్వాత పైపులైను వేసి అంబర్‌పేటకు తెచ్చి మూసీలో కలిపారు. మూసీ దిగువన ఆ నీళ్ళతోనే ఆకుకూరలు పండించి, బర్రెలకు గడ్డి పెంచి హైదరాబాదుకు అమ్మి బతికే కుటుంబాలున్నాయి. ఆ నీళ్ళలో మోకాలిలోతు దిగి కూర కోసి, కట్టలు కట్టేది ఎక్కువగా ఆడవాళ్ళే. పాలు తాగమన్నారు. బర్రె ఏ కుంటలో పడుకుందో, ఏ గడ్డి మేసిందో ఎవరూ అడగలేదు. చేపలు తినమన్నారు. ఆ ప్రాంతపు చెరువుల్లో చేపలు చచ్చి తేలడం పత్రికలు లెక్కలేనన్నిసార్లు రాసిన వార్త. కూలి డబ్బులతో మటన్ కొనలేని ఇంటికి చెరువు చేప వొక్కటే మాంసం. అది పోతే దాని బదులు ఏమి పెట్టాలో పటం మీద లేదు.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి వొకటి వుంది. మన ఆరోగ్య కార్యక్రమాలు ఆకలిని వొక శాఖకు, కాలుష్యాన్ని మరో శాఖకు అప్పగించాయి. ఒంట్లో అవి రెండు కావు. ఇనుము తక్కువైన శరీరం పేగుల్లోంచి సీసాన్ని, కాడ్మియాన్ని మామూలుకంటే ఎక్కువగా పీల్చుకుంటుంది. అలా చేరిన సీసం మళ్ళీ హిమోగ్లోబిన్ తయారీకే అడ్డుపడుతుంది. ఏళ్ళ తరబడి ఎముకల్లో దాక్కున్న సీసం గర్భం వచ్చినప్పుడు, కాల్షియం కోసం ఎముక కరిగినప్పుడు రక్తంలోకి దిగి బిడ్డను చేరుతుంది. అందరికంటే చివర, మిగిలింది తినే మనిషికి విషం అందరికంటే ఎక్కువ ఎక్కే ఏర్పాటు ఇది. ఇలాంటి చోట ఐరన్ మాత్రలిచ్చి, రక్తం పెరగకపోతే 'మాత్రలు వేసుకోవడం లేదు' అని రిజిస్టరులో రాయడం అన్యాయం. సరిగ్గా వేసుకోని వాళ్ళు వుంటారు, కాదనను. సీసం పరీక్ష మాత్రం ఏ అంగన్‌వాడీలోనూ లేదు.

మందుల సంగతి కూడా చెప్పాలి. 2007లో స్వీడన్ పరిశోధకులు వొక అధ్యయనం ప్రచురించారు. పటాన్‌చెరులో సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థాలు చేరే ఉమ్మడి శుద్ధికేంద్రం నుంచి, శుద్ధి అయ్యాక బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా వున్నట్టు తేలింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో వుండే దానికంటే అది ఎక్కువ. 2009లో వాళ్ళే చుట్టుపక్కల ఆరు గ్రామాల బావులు పరీక్షిస్తే వాటిలోనూ మందుల అవశేషాలు దొరికాయి. అలాంటి నీళ్ళలో బతకడం నేర్చిన బాక్టీరియా మందులకు లొంగదు. మూత్రనాళాల ఇన్‌ఫెక్షన్ ఆడవాళ్ళకు మగవాళ్ళకంటే చాలా ఎక్కువ. పనిచోట మరుగుదొడ్డి లేక నీళ్ళు తాగడం మానుకునే కూలీలకు ఇంకా ఎక్కువ. దానికి ఇచ్చే మందుల్లో ఈ సిప్రోఫ్లాక్సాసిన్ వొకటి. వాగులో ఉచితంగా పారిన మందు ఆస్పత్రిలో పనిచెయ్యకపోతే ఆ ఖర్చు ఎవరిది? ఫ్యాక్టరీ నీటిలో యాంటీబయాటిక్‌లకు హద్దులు పెడతామని కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా ఇచ్చింది. 2021లో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ హద్దులు అందులో లేవు.

2025 జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీలో పేలుడు జరిగి పదుల మంది కార్మికులు చనిపోయినప్పుడు దేశమంతా అటు చూసింది. చూడవలసిందే. కానీ బావి పేలదు. దాని బాధితులకు తేదీ వుండదు, జాబితా వుండదు.

జాబితా అంటే గుర్తొచ్చింది. పటాన్‌చెరు పరిహారాన్ని ఎకరాల లెక్కన కట్టారు. ఎకరాల లెక్క అంటే పట్టాదారు లెక్క. ఆ పొలాల్లో నాట్లువేసి, కలుపుతీసి, చర్మం పాడయిన కూలి ఆడమనిషికి పట్టా లేదు గనుక నష్టం లేదు. కోర్టు ఆదేశాలతో తాగునీళ్ళు వచ్చాయి, నిజమే. అవి వచ్చేదాకా దూరం నుంచి మోసినవాళ్ళ శ్రమకు లెక్క కట్టలేదు. కుళాయి వచ్చాక 'నీళ్ళిచ్చాం కదా' అన్నారు. బిందెడు నీళ్ళతో దాహం తీరుతుంది. బట్టలు, గిన్నెలు, స్నానం, బర్రె, పెరడు, ఇవన్నీ పాత బావి మీదనే ఆధారపడ్డాయి. నీళ్ళు రంగు మారాయని, అన్నం పసుపెక్కుతోందని, పప్పు ఉడకడం లేదని ముందు పసిగట్టేది వంట చేసే మనిషే. ఆ జ్ఞానానికి చట్టంలో చోటు లేదు. 1974 నీటి కాలుష్య చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఫ్యాక్టరీ నీటి నమూనా సాక్ష్యంగా నిలవాలంటే అధికారి, నోటీసు, సీలువేసిన సీసా కావాలి. అర్ధరాత్రి వాన పడుతుండగా వదిలిన నీళ్ళకోసం అధికారి సీసా పట్టుకుని రాడు.

ఫ్యాక్టరీలు వద్దంటావా, ఆడవాళ్ళకు పనులు వద్దా అని నన్ను అడుగుతారు. పనులు కావాలి. అజంజాహి మిల్లు మూతబడ్డాక ఓరుగల్లు ఎట్లా చితికిందో చూసినవాళ్ళం, మంగపేట దగ్గర కమలాపురం గుజ్జు ఫ్యాక్టరీ 2014లో ఆగిపోయాక జీతాల్లేని కుటుంబాలను చూసినవాళ్ళం. జీతం కావాలంటే బావిని వదులుకో అనే బేరాన్నే నేను వొప్పుకోను. ఆ బేరంలో జీతం తీసుకునేది వొకరు, బావి పోగొట్టుకునేది మరొకరు.

ఈ మాటలు ఇప్పుడే రాయడానికి కారణం మన ఊరి పక్కనే వుంది. గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబరులో శంకుస్థాపన చేశారు. 2023లో కేంద్రం తన జౌళి పార్కుల పథకంలో వరంగల్‌ను చేర్చింది. దారం నుంచి దుస్తుల దాకా అన్నీ వొకేచోట అన్నారు. దారానికీ దుస్తులకూ మధ్య రంగులద్దకం వుంటుంది. రంగులద్దకం ఏమి చేస్తుందో తిరుప్పూరు చెబుతుంది. నొయ్యల్ నది మీద 1992లో సాగునీటికోసం కట్టిన ఒరత్తుపాళయం డ్యాము రంగునీళ్ళ గుంటగా మారింది. రైతులు కోర్టులకెక్కితే 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు వందల అద్దకం యూనిట్లను మూయించింది. అప్పుడు రోడ్డున పడినవాళ్ళలో కూడా ఆడవాళ్ళున్నారు.

మరో మెలిక. 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం, ఆమోదం పొందిన పారిశ్రామిక పార్కు లోపలికి వచ్చే ఫ్యాక్టరీకి విడిగా ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. ఊరిని మళ్ళీ అడగరు. పటాన్‌చెరులో రైతులకు ఎదురైన మొదటి వాదన, మీ నీళ్ళు ముందునుంచీ ఇంతే అని. ముందు ఎట్లా వుండేవో కాగితం మీద ఎవరి దగ్గరా లేదు.

అందుకని ఈ ఎండాకాలంలోనే, పార్కు చుట్టూ వున్న ప్రతి ఊరిలో తాగే బోరు, బర్రెలు తాగే కుంట, ఆకుకూరల మడికి నీళ్ళిచ్చే బావి, మూడింటినీ ఆర్సెనిక్, సీసం, క్రోమియం, మొత్తం కరిగిన ఉప్పులకోసం పరీక్ష చేయించాలి. పరీక్ష ఖర్చు పార్కు పెట్టినవాళ్ళదే, అడగవలసింది మనం. ఫలితాలు తెలుగులో పంచాయతీ గోడ మీద వుండాలి, వొక కాపీ మహిళా సంఘం దగ్గర వుండాలి. అంగన్‌వాడీలో పిల్లల బరువు రాసే రిజిస్టరులోనే ఏ నీళ్ళు వాడుతున్నారో రాయాలి. కాలుష్య నియంత్రణ మండలి ఏ ఫ్యాక్టరీకి ఏ షరతుల మీద అనుమతి ఇచ్చిందో రాసే రిజిస్టరు ప్రభావితులెవరైనా చూడవచ్చని అదే నీటి చట్టం 25వ సెక్షన్ చెబుతోంది. మండలి ప్రాంతీయ కార్యాలయానికి వెళ్ళి అడగండి. ఇద్దరు కాదు, ఇరవై మంది వెళ్ళండి. కుంట నీళ్ళ సీసా వొకటి వెంట తీసుకెళ్ళి బల్ల మీద పెట్టండి. ఇవ్వమంటే ఆ నిరాకరణను రాతపూర్వకంగా తీసుకుని మాకు పంపండి.