తెరమీది మలుపులు

తునికి సమీపంలో, కొండల నడుమ లోవలో కొలువైన తలుపులమ్మ తల్లిని వాహనాలు నడిపేవారు తమ ఇలవేల్పుగా భావిస్తారు. కొత్తగా కొన్నది లారీ అయినా, ఆటో అయినా, మోటారు సైకిలు అయినా ముందుగా లోవకు తీసుకువెళ్ళి పూజ చేయించనిదే పనిలోకి దింపని కుటుంబాలు ఈ ప్రాంతంలో అనేకం. ఆ తల్లి పేరు రాయించుకున్న బండ్లు జాతీయ రహదారి మీద తరచుగా కనిపిస్తాయి. ఇందులో ఆశ్చర్యపడవలసింది లేదు. ఒకవైపు హౌరా-చెన్నై రైలు మార్గం, మరొకవైపు ఒకప్పటి 5వ నంబరు, నేటి 16వ నంబరు జాతీయ రహదారి. వాటి ఆసరాతో మామిడిపండ్లను, తమలపాకులను దూరప్రాంతాలకు పంపుకొంటూ పెరిగిన ఊరు తుని. 2022లో జిల్లాల పునర్విభజన జరిగి తూర్పు గోదావరి నుండి కాకినాడ జిల్లాలోకి మారినా, ఊరి బ్రతుకు మాత్రం ఆ రోడ్డు మీదనే సాగుతున్నది. రోడ్డు ఇక్కడివారికి అన్నం పెడుతుంది. అప్పుడప్పుడు ఇంటి మనిషిని తీసుకుపోతుంది. కనుక బండి పట్ల ప్రేమ, బండి పట్ల భయం రెండూ ఇక్కడి పిల్లలకు చిన్ననాటనే అబ్బుతాయి.

అటువంటి ఊళ్ళో నేడు ఒక తరం యువకులు నిజమైన స్టీరింగు పట్టకముందే తెరమీద వందల మైళ్ళు నడిపి వస్తున్నారు. 2000 తరువాతి తొలి దశకంలో మన చిన్న పట్టణాల నెట్ సెంటర్లలో గంటల లెక్కన డబ్బు చెల్లించి కార్ల పందేలు ఆడిన కుర్రవారు ఇప్పుడు తండ్రులైనారు. వారి పిల్లలు అవే ఆటలను చేతిలోని ఫోనులో ఆడుతున్నారు. ఆ ఆటలన్నింటిలోను వారిని మిక్కిలి ఆకర్షించేది డ్రిఫ్టింగు. అనగా మలుపులో కారును అడ్డంగా జార్చుతూ, జారుతున్నప్పుడు కూడ అదుపు తప్పకుండా నడపడం. పెద్దలు దీనిని వ్యర్థ కాలక్షేపమని ఒక్క మాటతో కొట్టివేస్తున్నారు. పిల్లలు దీనినే డ్రైవింగు విద్య అనుకుంటున్నారు. నా దృష్టిలో ఈ ఇద్దరి అభిప్రాయాలూ సగమే సత్యం. ఇది నిస్సందేహంగా ఒక విద్య. అయితే ఏ విద్య అన్నది తెలుసుకోకపోవడంలోనే ప్రమాదమున్నది.

డ్రిఫ్టింగు పుట్టినిల్లు జపాను. 1970లలో కునిమిత్సు తకహాషి అనే పందెగాడు మలుపులలో వేగం తగ్గకుండా ఉండేందుకు కారును జార్చి నడిపేవాడు. ఆయనను చూసి ఉత్తేజితుడైన కెయిచి త్సుచియా కొండదారుల మీద అదే పనిగా సాధన చేసి, ‘డ్రిఫ్ట్ కింగ్’ అన్న పేరు తెచ్చుకున్నాడు. 1995లో షుయిచి షిగెనో ప్రారంభించిన ‘ఇనిషియల్ డి’ అనే బొమ్మల కథ ఈ విద్యను ప్రపంచమంతటికీ పరిచయం చేసింది. అందులో కథానాయకుడు వేకువజామున కొండమీది హోటళ్ళకు సోయా పనీరు చేరవేసే కుర్రవాడు. తండ్రి అతని కారులో నీళ్ళు నింపిన ఒక కప్పు ఉంచుతాడు. ఆ నీరు తొణకకుండా మలుపులు తిప్పమన్నదే పాఠం. వేగాన్ని గురించిన కథలో గురువు మొట్టమొదట నేర్పింది కుదుపు లేకపోవడమన్నమాట! నిండుబిందె చంకన పెట్టుకొని గట్టు దిగే మన ఆడవారికి ఈ పాఠం కొత్త కాదు.

తెరమీద ఈ విద్యను అభ్యసించే వాని అవస్థ చూడదగినది. మొదటి రోజున ప్రతి ఒక్కడూ ఒకే పొరపాటు చేస్తాడు. మలుపు రాగానే హ్యాండ్‌బ్రేకు నొక్కి పట్టుకొంటాడు. వెనుక చక్రాలు పట్టు కోల్పోయి కారు బొంగరంలా తిరిగి, వచ్చిన దారివైపు ముఖం పెట్టి నిలబడుతుంది. రెండవ దశలో, కారు వెనుకభాగం జారుతున్నప్పుడు స్టీరింగును జారుతున్న దిక్కుకే తిప్పాలని గ్రహిస్తాడు. కుడి మలుపులో కారు ముక్కు కుడివైపునకు తిరిగి ఉండగా చక్రాలను ఎడమకు తిప్పడమంటే మనస్సు ఒక పట్టాన అంగీకరించదు. అంగీకరించిన తరువాత మరొక చిక్కు వస్తుంది. తిప్పిన చక్రాన్ని సకాలంలో వెనుకకు తేకపోతే కారు ఒక్కసారిగా రెండవ పక్కకు విసురుకొని గోడకు తగులుతుంది. చాలా ఆటలలో గోడ తగిలిందంటే ఆ మలుపులో కూడబెట్టిన మార్కులు మాయమవుతాయి.

అసలు రహస్యం యాక్సిలరేటరులో ఉన్నదని తెలిసేసరికి కొన్ని వారాలు గడుస్తాయి. ఎక్కువ నొక్కితే కారు తిరిగిపోతుంది. తక్కువ నొక్కితే టైర్లకు పట్టు దొరికి కారు తిన్నగా పోతుంది. ఈ రెండింటి నడుమ, పెసరట్టు పెనం కింద మంటను నిలిపినట్లు, నిలిపి ఉంచాలి. బ్రేకు వేసినప్పుడు కారు బరువు ముందుకు వాలి వెనుక చక్రాలు తేలికవుతాయని, టైరుకున్న పట్టు పరిమితమని, దానిని ఆపడానికి ఎక్కువ వాడితే తిప్పడానికి తక్కువ మిగులుతుందని, చూపు గోడమీద ఉంటే కారు కూడ గోడవైపే పోతుందని, ఇవన్నీ ఎవరూ చెప్పకుండానే అతనికి అర్థమవుతాయి. భౌతికశాస్త్ర పుస్తకంలో ఘర్షణ అనే పాఠాన్ని బట్టీపట్టి మరచిపోయిన వాడే ఇక్కడ ఘర్షణను వ్రేళ్ళ చివర తెలుసుకుంటున్నాడు. ఒకే మలుపును నూరుసార్లు తిరిగి, నూటొకటవసారి గట్టెక్కినవాని ముఖంలో కనిపించే వెలుగు, కాలువలో మునిగి మునిగి ఈత పట్టుబడిన పిల్లవాని ముఖంలోని వెలుగు వంటిదే. దీనిని సోమరితనమని ఎట్లా అనగలం?

ఇంకొక విశేషాన్ని కూడ పెద్దలు గమనించాలి. 1997లో జపానులో వెలువడిన ‘గ్రాన్ టురిస్మో’ అనే ఆటను కజునోరి యమావుచి బృందం రూపొందించింది. అందులో ముఖ్యమైన పందేలలో పాల్గొనదలచినవాడు ముందుగా లైసెన్సు పరీక్షలు ఉత్తీర్ణుడు కావాలి. సరైన చోట కారు ఆపడం, మలుపులోనికి సక్రమంగా ప్రవేశించడం వంటి చిన్న చిన్న పరీక్షలవి. తప్పితే మళ్ళీ రాయవలసిందే. ఊహాజగత్తులోని కారుకే లైసెన్సు అడిగే ఆట ఒకవైపు ఉండగా, పదవ తరగతి పాసైన కొడుకు చేతికి మోటారు సైకిలు తాళంచెవి బహుమానంగా ఇచ్చే తండ్రి మరొకవైపు ఉన్నాడు. ఈ ఇద్దరిలో ఎవరు బాధ్యత గలవారో చెప్పనక్కరలేదు. మన చట్టం ప్రకారం గేర్లు గల మోటారు సైకిలు నడపాలన్నా, కారు నడపాలన్నా 18 సంవత్సరాలు నిండాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం మైనరు చేసిన నేరానికి తల్లిదండ్రులనో, వాహన యజమానినో దోషులుగా భావిస్తుంది. 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు, ఏడాదిపాటు వాహన రిజిస్ట్రేషను రద్దు, ఆ పిల్లవానికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వకపోవడం ఇందులోని శిక్షలు.

తెరమీది విద్య రోడ్డుకు పనికిరాదని వాదించేవారికి జాన్ మార్డెన్‌బరో జీవితం కొంత సమాధానం చెబుతుంది. నిస్సాన్, ప్లేస్టేషన్ సంస్థలు కలిసి ఆటగాళ్ళలోనుండి పందెగాళ్ళను ఎన్నుకోవడానికి 2008లో ‘జీటీ అకాడమీ’ అనే పోటీని ప్రారంభించాయి. బ్రిటనుకు చెందిన మార్డెన్‌బరో 2011లో 19 ఏళ్ళ వయస్సులో అందులో గెలిచాడు. రెండేళ్ళు తిరగకముందే, 2013లో, ప్రఖ్యాతమైన లె మాన్స్ 24 గంటల పందెంలో అతని జట్టు తన తరగతిలో మూడవ స్థానంలో నిలిచింది. 2014లో మన దేశపు ఆటగాళ్ళకు కూడ ఆ పోటీలో ప్రవేశం లభించింది. అయితే మార్డెన్‌బరో కథలో పిల్లలు చెప్పుకోని అధ్యాయం ఒకటున్నది. 2015 మార్చిలో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్‌లో జరిగిన పందెంలో అతని కారు గాలిలోకి లేచి కంచె దాటి పడింది. చూడవచ్చిన ఒక ప్రేక్షకుడు మరణించాడు. తర్ఫీదు పొందిన చోదకుడు, పందెపు కారు, కంచెలతో, వైద్యులతో ఏర్పాటు చేసిన ట్రాకు. అన్నీ ఉండి కూడ ఒక ప్రాణం పోయింది. తెరమీద ఆ కారును మళ్ళీ మొదటికి తెచ్చే మీట ఒకటుంటుంది. అక్కడ లేదు.

ఆట నేర్పనిది ఇదే. డ్రిఫ్టింగు ప్రధానంగా వెనుక చక్రాలకు శక్తి అందే కార్ల విద్య. ఒకనాటి అంబాసిడరు అటువంటిది. 1983లో వచ్చిన మారుతి 800 మొదలుకొని నేడు మన ఇండ్ల ముందు నిలిచిన చిన్న కార్లలో అధిక భాగం ముందు చక్రాలతో లాగేవి. తడిరోడ్డు మీద వేగంగా తిప్పితే వీటిలో సాధారణంగా ముందుభాగమే పట్టు తప్పి, కారు మలుపు తిరగక తిన్నగా పోతుంది. అప్పుడు చేయవలసింది యాక్సిలరేటరు మీది కాలు మెల్లగా తీయడం. ఆటలో అలవడినట్లు స్టీరింగు విసిరి, హ్యాండ్‌బ్రేకు లాగితే పొలంలోకో, లారీ కిందికో పోవడం ఖాయం. పైగా నిజమైన కారు జారబోతున్నదన్న కబురు నడిపేవానికి కంటికంటే ముందు నడుముకు తెలుస్తుందంటారు. కుర్చీలో కదలక కూర్చున్న ఆటగానికి ఆ కబురు అందే మార్గం లేదు.

అంతకంటె ముఖ్యమైనది మరొకటి. ఆటలోని ట్రాకు మీద అందరూ ఒకే దిక్కుకు పోతారు. తుని దగ్గర జాతీయ రహదారి మీద ఎదురుదారిలో సైకిలు వస్తుంది, గేదె నిలబడుతుంది, పది మందిని ఎక్కించుకొన్న ఆటో హఠాత్తుగా ఆగుతుంది, తాండవ వంతెన దాటి పాయకరావుపేట నుండి వచ్చే ముసలమ్మ రోడ్డు దాటుతుంది. వీరెవ్వరూ పందెంలో లేరు. వీరి సమ్మతి ఎవరూ అడగలేదు. రహదారి మీద వేగపు పందేలను చట్టం నేరంగా పరిగణించడం వేగం మీది ద్వేషంచేత కాదు, ఈ ముసలమ్మ కోసం.

వీడియో గేములే యువకులను దుడుకుగా నడిపిస్తున్నాయన్న వాదనతో మాత్రం నేను ఏకీభవించలేను. ఆటలు పుట్టకముందు కూడ దుడుకు ఉన్నది. మన సినిమా కథానాయకులు కారును గాలిలో తిప్పి దింపినప్పుడు ఈలలు వేసింది మన తరమే. పరీక్షల ముందు రాత్రింబవళ్ళు ఆడటం, కళ్ళు, నిద్ర పాడుచేసుకోవడం నిజమైన దోషాలు. వాటికి ఇంట్లో హద్దు పెట్టాలి. డబ్బు ఒడ్డి ఆడే ఆటలు వేరే జాతి. 2025లో పార్లమెంటు చేసిన చట్టం వాటిని నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను క్రీడగా విడదీసి చూసింది. ఆ విచక్షణ మన ఇండ్లలో కూడ అవసరం.

వేగానికి తగిన చోటు చూపకుండా వేగాన్ని నిందించడం వలన ప్రయోజనం లేదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ తీరాన ఫార్ములా-ఈ పందెం జరిగినప్పుడు, నిత్యం బస్సులు తిరిగే రోడ్డునే మూసి, ఇరువైపులా కాంక్రీటు గోడలు నిలిపి, దానిని కొద్ది రోజులపాటు ట్రాకుగా మార్చారు. అది తుని పిల్లవానికి టీవీలో చూసే దృశ్యం. చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై ట్రాకు అతనికి అంతకంటె చేరువేమీ కాదు. అతనికి చేరువైనది డ్రైవింగు పరీక్ష. మోటారు సైకిలుకు ఎనిమిది అంకె, కారుకు వెనుకకు నడిపే చిన్న దారి, ఇదే మన లైసెన్సు పరీక్షగా అందరికీ తెలిసినది. తుపాను వానలో జారుతున్న బండిని నిలబెట్టడం ఆ విద్యలో లేదు. ఆ ఒక్క పాఠాన్ని వేల రూపాయల టైర్లు అరగకుండా, ఎవరి ఒళ్ళూ గాయపడకుండా చెప్పగల సాధనం ఇప్పటికే పిల్లల చేతిలో ఉన్నది. జిల్లాకొక ప్రభుత్వ ఐటీఐలోనైనా స్టీరింగు, పెడళ్ళు గల యంత్రం ఒకటి నెలకొల్పి, ముందు చక్రాల కారును, తడిసిన రోడ్డును, అడ్డం వచ్చే గేదెను అందులో చూపి, లైసెన్సుకు వచ్చే ప్రతివానిని ఒక పూట దాని ముందు కూర్చోబెట్టడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చు కాదు. ఆ పాఠం చెప్పడానికి మొదటి సహాయకులుగా, నూరుసార్లు గోడకు తగిలి నేర్చుకున్న ఈ కుర్రవారినే పిలవవచ్చు.