జ్వరానికి కూర్చున్న తూనీగ

పాము విడిచిన తోలుకు మన భాషలో ‘కుబుసం’ అని చక్కని మాట ఉంది. సంస్కృతం వారు దాన్నే ‘కంచుకం’ అన్నారు. కంచుకమంటే రవిక అనీ అర్థమే, కవచమనీ అర్థమే. ఒంటిని అంటిపెట్టుకుని ఉండేదీ, అవసరం తీరాక విడిచేసేదీ గనక మూడింటికీ ఒకే మాట సరిపోయింది. అయితే కుబుసం విడవడం పాముకొక్కదానికే దక్కిన భాగ్యమేమీ కాదు. చీమ మొదలు సీతాకోకచిలుక దాకా, పురుగన్నది ప్రతిదీ పెరిగే వయసులో తోలు విడవవలసిందే. ఆ సంగతికి పండితులు వాడే మాటలు నాకు తెలుసు గాని, మనసుకు పట్టిన మాట మాత్రం మా ఇంటికి పాలు పోసే ఆయన దగ్గర దొరికింది. అదే ఈ వారం ముచ్చట.

పురుగుల వ్యవహారం మనకు తారుమారు. మనకు ఎముకలు లోపల, తోలు పైన. వాటికి ఎముకల పని కూడా పైనున్న పెంకే చేస్తుంది. మన పిల్లల చొక్కా బిగుతైతే కుట్టు విప్పి వదులు చేయిస్తాం. పెంకుకు ఆ వీలు లేదు. లోలోపల మెత్తటి కొత్త తోలు తయారు చేసుకుని, పాతదాన్ని పగలదీసుకుని బయటికి రావాలి. కొత్తది గట్టిపడేలోగా ఒళ్ళు పెంచుకోవాలి. ఆ కాస్సేపూ దానికి కవచమూ లేదు, ఎముకా లేదు. కాళ్ళు నిలవవు, రెక్కలు ఆడవు. దాని బతుకులో అంత నిస్సహాయమైన ఘడియ మరొకటి ఉండదు.

మా పెరట్లో సిమెంటు తొట్టిలో తామర ఉంది. వానాకాలమంతా ఆ తొట్టి మీద మా ఇంట్లో వ్యాజ్యం నడుస్తూనే ఉంటుంది. నిలవనీరు దోమలకు పుట్టిల్లనీ, డెంగీ రోజులనీ మా ఆవిడ వాదన. అందులో తూనీగ పిల్లలున్నాయనీ, దోమ పిల్లల్ని అవే తినేస్తాయనీ నా వాదన. తూనీగ పిల్ల చూడ్డానికి ఏమంత ముచ్చటగా ఉండదు. బురద రంగు, రెక్కలు లేవు. కింది పెదవిని మడిచి ముఖం కింద దాచుకుంటుంది. దోమ పిల్ల దగ్గరికి రాగానే ఆ పెదవిని చెయ్యిలా చటుక్కున చాచి పట్టేస్తుంది. ఇద్దరి వాదనలోనూ నిజముంది. అంచేత తొట్టి ఉంచి, పెరట్లో ఉన్న తక్కిన డబ్బాలూ, కుండీల కింది పళ్ళేలూ వారం వారం బోర్లించే పని నాకు అప్పగించి ఆవిడ రాజీకి వచ్చింది.

శ్రావణమాసంలో ఒక శనివారం రాత్రి ఏడున్నరకు, “నాన్నా, తొట్టిలోంచి ఏదో పైకెక్కుతోంది” అని మా అమ్మాయి పిలిచింది. ఆ పిల్ల గది దాటి బయటికి రావడమే ఈ మధ్య గగనంగా ఉంది. ఇంటర్ అయిపోయింది. ప్రవేశ పరీక్షలో అనుకున్న ర్యాంకు రాలేదు. మరో ఏడాది కూర్చుని మళ్ళీ రాయడమా, దొరికిన చదువులో చేరడమా అన్నది తేలలేదు. అడిగితే జవాబు లేదు. అడగని వాళ్ళు ఇంట్లో లేరు. అలాంటిది తనంతట తానే పిలిచిందని నేను చెప్పులైనా వేసుకోకుండా పెరట్లోకి పరుగెత్తాను.

తామరాకు కాడ మీద, నీటికి జానెడు ఎత్తున, తూనీగ పిల్ల కాళ్ళు బిగించి కూర్చుంది. అమ్మాయి స్టూలు మీద పుస్తకాలు పేర్చి ఫోను నిలబెట్టింది. ఫ్లాష్ వెయ్యలేదు. టార్చికి పల్చటి గుడ్డ కట్టి నన్ను పట్టుకోమంది. ఐదేసి నిమిషాలకొక ఫొటో అని తనే నియమం పెట్టుకుంది.

కాస్సేపటికి వీపు మీద సన్నని గీత తెరుచుకుంది. అందులోంచి లేత వీపు ఉబికింది, తరువాత తల, ఆ పైన ఒక్కొక్క కాలే వచ్చాయి. సగం ఒళ్ళు బయటికి రాగానే అది వెనక్కి వాలిపోయి తల కిందులుగా వేలాడింది. తోక కొస ఒక్కటే పాత తోలులో ఉంది. ఇక కదలిక లేదు. ఐదు నిమిషాలు, పది, పావుగంట.

“అయ్యో, ప్రాణం పోయిందిరా! తోక ఇరుక్కుపోయింది” అంది మా అమ్మ. ఎదుటివారి కష్టం చూస్తూ ఊరుకునే మనిషి కాదావిడ. చీపురు పుల్ల విరిచి తెచ్చి, “పక్కకి జరగండి, నేను విడదీస్తాను” అని వంగింది.

సరిగ్గా అప్పుడే పాలాయన వచ్చాడు. తొట్టిలోకి తొంగి చూశాడు.

“వద్దమ్మా, ముట్టాకండి. జొరానికి కూర్చున్నట్టుంది. అదే లేస్తుంది.”

“పురుక్కి జ్వరమేమిటయ్యా?” అంది మా అమ్మ, పుల్ల పైకెత్తి.

మా హిందూపురం చుట్టుపక్కల మల్బరీ తోటలు విస్తారం. వాళ్ళింట్లో పట్టుపురుగుల మేపు కూడా ఉంది. పట్టుపురుగు గుడ్డులోంచి వచ్చినప్పటి నుంచి గూడు కట్టేలోగా నాలుగుసార్లు తోలు విడుస్తుంది. మేపేవాళ్ళు దాన్ని ‘జ్వరం’ అంటారు. మొదటి జ్వరం, రెండో జ్వరం అని లెక్క. ఆ వేళకు పురుగు మేత మానేస్తుంది. తల పైకెత్తి, కొలుపులో కూర్చున్న భక్తుడిలా చలనం లేకుండా ఉండిపోతుంది. సుమారు ఒక రోజు అంతే. “అప్పుడు మేము ఆకు వెయ్యం, తట్ట కదిలించం. పడక తడి లేకుండా సున్నం పొడి చల్లుతాం. స్టాండు కాళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు పెడతాం, చీమలెక్కకుండా. అన్నీ లేచినాకనే లేతాకు” అన్నాడు. నిశ్చలంగా కూర్చోవడం, తిండి మానడం, దగ్గరివాళ్ళు నెమ్మదిగా మసలడం, ఇన్నిటినీ కలిపి ఒక్క మాటలో చెప్పిన ఆ రైతులకు నేను మనసులో నమస్కారం పెట్టాను.

తోలు విడిచే వేళయిందని పురుగు ఒంట్లో కబురు చేసే రసాన్ని మొదట విడదీసింది కూడా పట్టుపురుగుల నుంచే. 1954లో జర్మనీలో బ్యూటెనాంట్, కార్ల్‌సన్ అనే శాస్త్రజ్ఞులు 500 కిలోల పట్టుపురుగుల ప్యూపాల నుంచి 25 మిల్లీగ్రాముల రసం తీశారు. దాని పేరు ఎక్డైసోన్. అరటన్ను సరుకులోంచి చిటికెడైనా లేని ఆ పదార్థమే కోటానుకోట్ల పురుగుల చేత కంచుకాలు విప్పిస్తోంది.

అరగంటకు తూనీగ లేచింది. ఒక్క ఊపుతో ముందుకు వంగి, తన పాత తలనే కాళ్ళతో పట్టుకుని తోకను సులువుగా లాక్కుంది. అంతసేపు వేలాడింది చావబోయి కాదు. కొత్త కాళ్ళు గట్టిపడేదాకా ఆగింది. ఆ కాళ్ళకు పట్టు చిక్కకముందే పుల్లతో విడదీసి ఉంటే నీళ్ళలో పడేది. మా అమ్మ పుల్లను మెల్లిగా గోడవతల పారేసింది.

ఆ తరువాత రెక్కలు. మొదట అవి నలిగిన తడి కాగితంలా ఉన్నాయి. ఒంట్లోని ద్రవాన్ని వాటి నరాల్లోకి పంపుతూ అది నెమ్మదిగా విప్పుకుంది. ఆ దశలో వేలు తగిలితే చాలు, ఏర్పడిన ముడత ఇక జన్మలో పోదు. మామూలుగా వాలినప్పుడు తూనీగ రెక్కలు చాచే ఉంచుతుంది. ఆ రాత్రి మాత్రం నాలుగూ వీపు మీద జోడించి పెట్టుకుంది. అవి తెరుచుకున్నాయంటే బిడ్డ సిద్ధమైందన్నమాట. కాడ చుట్టూ నీళ్ళే గనక చీమల బెడద లేదు. పాలాయన పళ్ళేల పని మా తొట్టి తనే చేసింది.

ఫొటోలు పెద్దవి చేసి చూస్తే కంటికి ఆననివి కనబడ్డాయి. ఖాళీ తోలులోంచి తెల్లని దారాలు వేలాడుతున్నాయి. అవి ఊపిరి గొట్టాల లోపలి పొరలు. పై తోలుతో పాటు వాటిని కూడా విడిచి రావాలి. రంగును బట్టి అది వాన ముందర గుంపులుగా తిరిగే పసుపు తూనీగ అని పోల్చుకున్నాం. ఈ తూనీగలు భారతదేశం నుంచి మాల్దీవుల మీదుగా సముద్రం దాటి ఆఫ్రికా చేరుతున్నాయని ఛార్లెస్ ఆండర్సన్ అనే శాస్త్రజ్ఞుడు 2009లో ప్రతిపాదించాడు. ముడతపడిన రెక్కతో అయితే మా ప్రహరీ గోడ కూడా దాటలేదు.

తెల్లవారుజామున అది ఎగిరిపోయింది. ఆఖరి ఫొటోలో కాడా, దానికి అంటుకున్న తోలూ ఉన్నాయి.

పాలాయన మాటను నేను ఆ వారమంతా నెమరేసుకున్నాను. ముట్టుకోవద్దన్నాడు గాని, వదిలేసి పొమ్మనలేదు. తడి చేరకుండా చూడాలి, చీమల్ని ఆపాలి, లేచిన వేళ కనిపెట్టాలి, లేతాకు సిద్ధంగా ఉంచుకోవాలి. ముట్టుకోకుండా కాపలా కాయడం, ముట్టుకుని సాయం చెయ్యడం కన్నా ఎక్కువ పని. మన ఇళ్ళలో పిల్లల విషయంలో మనకు ఓపిక చాలనిది ఇక్కడే. పిల్ల రెండు రోజులు మాటాడకపోతే మనం చీపురు పుల్ల పట్టుకుని బయల్దేరతాం.

మొన్న భోజనాల దగ్గర మా ఆవిడ, “ఇంతకీ ఏం తేల్చుకున్నావే?” అనబోయింది. మా అమ్మ మధ్యలోనే అందుకుని, “ఇంకా లేవలేదమ్మా. ఆకు ఇప్పుడే వెయ్యకు” అంది. అమ్మాయి తల వంచుకుని మజ్జిగ కలుపుకుంది గాని, పెదవి చివర నవ్వు దాగలేదు.

ఆ రాత్రి రెండు మూడు చదువుల వివరాలు అచ్చు తీయించి దాని బల్ల మీద పెట్టి వచ్చాను. ఏమీ అడగలేదు.