బువ్వ తినే వేళ సెల్‌ఫోన్ వద్దు

ఒకప్పుడు చందమామను చూపిస్తూ గోరుముద్దలు తినిపించేవారు. నేడు ఆ స్థానాన్ని సెల్‌ఫోన్ ఆక్రమించింది. "రెండూ మరిపించి తినిపించడమే కదా?" అని కొందరు ప్రశ్నిస్తుంటారు. రెండూ ఒకటి కావు. చందమామను చూపేటప్పుడు తల్లి బిడ్డతో మాట్లాడుతుంది. కడుపు నిండి బిడ్డ మొహం తిప్పుకుంటే గమనిస్తుంది. ఫోన్ చూస్తున్న బిడ్డ అలవాటుగా నోరు తెరుస్తాడే గాని, ఏమి తింటున్నాడో, ఎంత తిన్నాడో ఎరుగడు. ఆకలిని, తృప్తిని తానుగా గుర్తించే నేర్పు అలవడదు.

అంతకంటె ముఖ్యమైన భేదం మరొకటి ఉన్నది. చందమామ ఏ వస్తువునూ అమ్మదు. తెర అమ్ముతుంది. ఏడెనిమిదేళ్ళలోపు పిల్లలు ప్రకటన వెనుక ఉన్న వ్యాపార ఉద్దేశాన్ని గ్రహించలేరు. రెండేళ్ళలోపు శిశువుల ఆహారానికి ప్రకటనలు ఇవ్వరాదని మన దేశంలో 1992 నాటి చట్టం నిషేధిస్తున్నది. పిల్లల కార్యక్రమాల నడుమ చిప్స్, శీతల పానీయాల ప్రకటనలు ఉండరాదని 2022 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నవి. కాని వీడియోలో మరొక పిల్లవాడు చాక్లెట్ పొట్లం విప్పి ఆనందిస్తుంటే, అది మన బిడ్డకు ప్రకటనగా తోచదు, ఆటగానే తోస్తుంది.

పెద్దలూ ఈ మాయకు అతీతులు కారు. 'హెల్త్ డ్రింక్' అన్న మాటకు మన ఆహార భద్రతా చట్టంలో నిర్వచనమే లేదు. ఆ వర్గం నుంచి బోర్న్‌విటా వంటి పానీయాలను తొలగించవలసిందిగా 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ ఆన్‌లైన్ విక్రయ సంస్థలకు సూచించింది. కనుక డబ్బా ముందువైపు బొమ్మను కాక, వెనుకనున్న పట్టికను చదవండి. 100 గ్రాముల పొడిలో 30 గ్రాముల చక్కెర ఉంటే, 20 గ్రాముల పొడి కలిపిన గ్లాసులో ఒకటిన్నర టీస్పూన్ల చక్కెర చేరినట్లే.

రెండేళ్ళలోపు బిడ్డకు తెర అసలు వద్దని, రెండు నుంచి ఐదేళ్ళ వరకు రోజుకు గంట మించరాదని భారతీయ శిశువైద్యుల సంఘం సలహా. దూరాన ఉన్న అమ్మమ్మ, తాతయ్యలతో అప్పుడప్పుడు వీడియో కాల్ మాట్లాడించవచ్చు.

ఉద్యోగాలతో అలసిన తల్లిదండ్రులను నిందించడం నా ఉద్దేశం కాదు. ఒక్క నియమంతో ఆరంభించండి: భోజనం వేళ ఇంట్లో ఎవరి చేతిలోనూ ఫోన్ ఉండరాదు. బిడ్డ కొన్నాళ్ళు మారాం చేస్తాడు. ఆరోగ్యవంతుడైన బిడ్డ ఒక పూట రెండు ముద్దలు తక్కువ తిన్నంత మాత్రాన చిక్కిపోడు. బరువు సరిగా పెరగకుంటే వైద్యుని సంప్రదించండి, ఫోన్‌ను ఆశ్రయించకండి. బయట ఉన్న చట్టం మన వంటింటి దాకా రాలేదు. అక్కడ కాపలా మనదే.